షాద్‌నగర్ సమితి సంగతి: మండలాలు రాకముందు పల్లెను నడిపిన ఆఫీసు

అందరికి నమస్కారం. నన్ను పిలిచినోళ్ళు టాపిక్ "స్థానిక స్వపరిపాలన చరిత్ర" అని పెట్టిండ్రు. అది మస్తు పెద్దది, గంటల అయ్యే పని కాదు. అందుకే నేను ఒక్కదాని గురించే మాట్లాడుతా, పంచాయతీ సమితి గురించి, అందులోనూ మన షాద్‌నగర్ సమితి దగ్గర మొదలుపెట్టి. ఇక్కడ ముందు వరుసల కూర్చున్న పిల్లలకు తెలిసింది మండలం, ఎంపీపీ, ఎంపీడీఓ, ఎంపీటీసీ. మీ అమ్మానాన్నలకు కూడా చాలామందికి అంతే. కానీ అంతకుముందు దాదాపు 27 ఏండ్లు మన పల్లెల్లో బడి, బావి, రోడ్డు, విత్తనం, ఎరువు, కోళ్ళ పెంపకం దాకా అన్నీ చూసింది ఇంకో సంస్థ. దానికి ఒక హద్దు ఉండె, ఒక ప్రెసిడెంట్ ఉండె, ఒక జీపు ఉండె. ఇప్పుడు మ్యాపుల ఎక్కడా లేదు.

1959 అక్టోబర్ 11. ఆ రోజు ప్రధానమంత్రి నెహ్రూ షాద్‌నగర్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌ల పంచాయతీరాజ్‌ని ప్రారంభం చేసిండ్రు. అంతకు తొమ్మిది రోజుల ముందు, గాంధీ జయంతి నాడు, రాజస్థాన్‌ల నాగౌర్‌ల ప్రారంభం చేసిండ్రు కాబట్టి పుస్తకాలల్ల, పోటీ పరీక్షల గైడుల్ల ఎప్పుడూ నాగౌర్ ఫస్ట్, మనం సెకండ్. సరే, తేదీ లెక్క ప్రకారం అది కరెక్టే. కానీ ఒక్క మాట జర గుర్తుపెట్టుకోండి, 1958 జూలైలనే మన రాష్ట్రంల జిల్లాకొకటి చొప్పున 20 బ్లాకులల్ల ప్రయోగంగా సమితులు పెట్టి నడిపిచ్చిండ్రు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌కి ఉన్నవి 20 జిల్లాలే. అంటే చట్టం రాకముందే చేసి చూసిండ్రు, అది ఎవ్వరూ చెప్పరు. పరీక్షల మాత్రం నాగౌర్ అనే రాయండి, లేకుంటే మార్కు పోతది.

షాద్‌నగరే ఎందుకు అంటే, హైదరాబాద్‌కు దగ్గర, రోడ్డుంది, రైలుంది, ప్రధానమంత్రిని తీసుకొచ్చి పొద్దూకకముందే తిరిగి పంపొచ్చు, అంతే అయ్యుంటదని నా అంచనా. బూర్గుల రామకృష్ణారావు గారి పేరు కూడా కొందరు చెప్తరు. ఆయన 1952ల షాద్‌నగర్ నుంచి గెలిచే హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిండ్రు, బూర్గుల ఊరు ఇక్కడికి దగ్గరే. కానీ 1959 అక్టోబర్ నాటికి ఆయన ఇక్కడ లేరు, కేరళ గవర్నర్‌గా ఉన్నరు, ఆ జూలై చివర్లనే నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని రద్దు చేసిన గొడవ మధ్యల ఉన్నరు. ఇక్కడ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు. ఆయన కూడా ఇది మొదలైన మూడు నెలలకే, 1960 జనవరిల, కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా పోయిండ్రు, దామోదరం సంజీవయ్య గారు వచ్చిండ్రు. అంటే సమితులను కన్నది ఒకరు, పెంచింది ఇంకొకరు.

ఇంతకుముందు ఏమీ లేకుండెనా అంటే ఉండె. కోస్తా, రాయలసీమ దిక్కు మద్రాస్ ప్రెసిడెన్సీ కాబట్టి అక్కడ 1884 చట్టం తోటి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చినయి. 1882ల రిప్పన్ తీర్మానం అని చదువుకున్నరు కదా, దాని ఫలితమే అది. మొదట్ల జిల్లా బోర్డుకి కలెక్టరే ప్రెసిడెంట్, తాలూకా బోర్డుకి డివిజన్ ఆఫీసరే ప్రెసిడెంట్, అంటే పేరుకే స్వపరిపాలన. 1920 చట్టం తర్వాత ఎన్నికైనోళ్ళ చేతికి వచ్చింది. అప్పుడు ఆ శాఖకు మొదటి మంత్రి పానగల్ రాజా రామరాయణింగార్ గారు, జస్టిస్ పార్టీ. తర్వాత 1934ల తాలూకా బోర్డులను తీసేసి మొత్తం జిల్లా బోర్డుల కలిపేసిండ్రు. ఇది మీరు గమనించాల్సిన ముచ్చట, ఎందుకంటే ఊరికి జిల్లాకి మధ్యల ఒక సంస్థ పెట్టుడు, కొన్నేండ్లకు తీసేసుడు, మళ్ళా ఇంకో పేరుతో పెట్టుడు, ఈ ఆట మన దగ్గర 140 ఏండ్ల నుంచి నడుస్తుంది.

మన దిక్కు, నిజాం ఇలాకాల, లోకల్ ఫండ్ అని ఉండె. శిస్తు మీద కొంత సెస్సు వసూలు చేసి రోడ్లకు, బడులకు ఖర్చు పెట్టాలె. కమిటీలుండె గానీ పైన కూర్చునేది తాలూక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్ లెక్క. రైతుకు ఆ కమిటీల ఏం జరుగుతుందో తెల్వదు, తెలుసుకునే హక్కూ లేదు. ఊర్ల పటేల్, పట్వారీ, పైన దొర, అంతే ప్రభుత్వం. కాబట్టి 1959ల "మీరే ఓటేయాలె, మీ సర్పంచే పోయి సమితిల కూర్చుంటడు, ఆయనే ఆఫీసర్‌ని అడుగుతడు" అన్నప్పుడు కోస్తా జిల్లాల్లో అది పాత బోర్డుకి కొత్త రూపం లాగ అనిపించి ఉంటది, ఇక్కడ మాత్రం నిజంగనే కొత్త.

ఇప్పుడు అసలు ఈ సమితి ఆలోచన ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్తా. 1952 అక్టోబర్ 2న సామాజిక వికాస పథకం, కమ్యూనిటీ డెవలప్‌మెంట్, దేశంల 55 చోట్ల మొదలుపెట్టిండ్రు. బ్లాకు అంటే సుమారు వంద ఊర్లు, అరవై డెబ్బై వేల జనం. దానికి ఒక బిడిఓ, అంటే బ్లాకు అభివృద్ధి ఆఫీసర్, ఆయన కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు, పరిశ్రమలకు ఒకరు, ఆడవాళ్ళ దగ్గరికి పోయేటందుకు ముఖ్య సేవిక, ఊర్లల్ల తిరిగేటందుకు గ్రామసేవక్‌లు. కంపోస్టు గుంత ఎట్ల తవ్వాలె, జపాన్ పద్ధతిల వరి నాట్లు ఎట్ల వేయాలె, పొగ రాని పొయ్యి ఎట్ల కట్టాలె, ఇవన్నీ చెప్పుడు వాళ్ళ పని. పైసలు కూడా ఇచ్చిండ్రు, బ్లాకుకి మొదటి దశల ఐదేండ్లకు 12 లక్షలు, రెండో దశల ఇంకో ఐదేండ్లకు 5 లక్షలు. ఆ కాలంల అది చిన్న మొత్తం కాదు.

అయినా పని కాలేదు. ఎందుకంటే అది సర్కారు పథకం లెక్కనే నడిచింది, జనం చూసుకుంట కూర్చున్నరు. ఆఫీసర్ జీపుల వచ్చి చెప్తే తలూపుడు, పోయినాక ఎవరి పని వాళ్ళు చేసుకునుడు. ఇట్లెందుకైందో చూడమని 1957 జనవరిల బల్వంత్‌రాయ్ మెహతా గారి అధ్యక్షతన కమిటీ వేసిండ్రు. (ఈయన తర్వాత గుజరాత్ ముఖ్యమంత్రి అయిండ్రు, 1965 యుద్ధంల ఆయన పోతున్న విమానాన్ని పాకిస్తాన్ కూల్చేస్తే చనిపోయిండ్రు.) ఆ కమిటీ నవంబర్‌ల రిపోర్ట్ ఇచ్చింది. జనం ఎన్నుకున్న సంస్థ చేతికి అధికారం, పైసలు, సిబ్బంది మూడూ ఇవ్వకపోతే ఇది నడవదు అని తేల్చింది. ఊరు, బ్లాకు, జిల్లా అని మూడు అంచెలు చెప్పి, అందులో బ్లాకుకే ఎక్కువ బలం పెట్టమంది. మహారాష్ట్ర వాళ్ళు తర్వాత 1962ల దీన్ని తిప్పేసి జిల్లా పరిషత్‌కి బలం ఇచ్చుకున్నరు, మనం మాత్రం కమిటీ చెప్పినట్టే సమితికి ఇచ్చినం. 1959ల పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం చేసినం, కోస్తాల ఉన్న పాత జిల్లా బోర్డులు కూడా దాంతోనే పోయినయి.

సమితి ఎట్ల తయారైతుండె అంటే, ఊర్ల ఓటేసేది వార్డు మెంబర్‌కి. మెంబర్లంత కలిసి సర్పంచ్‌ని ఎన్నుకోవాలె. బ్లాకుల ఉన్న సర్పంచులందరు సమితి మెంబర్లు అయితరు, వాళ్ళు సమితి ప్రెసిడెంట్‌ని ఎన్నుకుంటరు. సమితి ప్రెసిడెంట్లందరు జిల్లా పరిషత్‌ల కూర్చుంటరు, అక్కడ ఛైర్మన్‌ని ఎన్నుకుంటరు. ఎమ్మెల్యే కూడా మెంబరే. ఆడవాళ్ళను, ఎస్సీ ఎస్టీలను కోఆప్ట్ చేసుకోవాలె, అంటే ఓటేసి గెలిపిచ్చుడు కాదు, కూర్చున్నోళ్ళే పిలిచి కూర్చోబెట్టుకునుడు. ఇప్పుడు మీరే ఆలోచించండి, ఒక బ్లాకుల అరవై మంది సర్పంచులుంటే ప్రెసిడెంట్ కావాలంటే ముప్పై ఒక్క మంది చాలు. అరవై వేల మంది జనానికి ముప్పై ఒక్క మంది తోటి పని అయిపోతది. ఆ ముప్పై ఒక్క మందిని ఎలక్షన్‌కి పది రోజుల ముందు తీస్కపోయి ఎక్కడో గుడి ఉన్న ఊర్లనో, సముద్రం ఉన్న ఊర్లనో పెట్టి, ఎలక్షన్ రోజు పొద్దున సక్కగ ఓటు దగ్గర దింపుతుండె. క్యాంపు రాజకీయం అని మీరు ఇప్పుడు టీవీల చూస్తున్నది అప్పటి నుంచి ఉన్నదే. [నవ్వులు]

దీనివల్ల ఎవరు ప్రెసిడెంట్లు అయిండ్రో చెప్పాల్సిన పని లేదు. భూమి ఉన్నోళ్ళు, ఊర్ల మాట చెల్లేటోళ్ళు, నాలుగు ఊర్లల్ల చుట్టాలున్నోళ్ళు. తెలంగాణల రెడ్లు, వెలమలు, ఆ దిక్కు జిల్లాల్లో రెడ్లు, కమ్మలు, కాపులు, రాజులు. నిన్నటి దాకా గడీల కూర్చున్నోళ్ళే చాలా చోట్ల ఖద్దరు తొడుక్కొని సమితి ఆఫీసుల కూర్చున్నరు. ఇది నేను కోపం తోటి చెప్తలేను, అది జరిగిన ముచ్చట. మూడు మెట్ల మీద ఓటేసే పద్ధతి పెడితే ప్రతి మెట్టు దగ్గర బలహీనుడు రాలిపోతడు, పైకి పోయేసరికి మిగిలేది బలమున్నోడే.

అట్లని సమితి ఏం చేయలేదని అంటే నేను ఒప్పుకోను. అప్పటి మన జిల్లాల, పాలమూరుల, అంటే మహబూబ్‌నగర్‌ల, కరువు గురించి మీకు తెలుసు, కూలికి బొంబాయి దాకా పోయిన జనం మనది. ఇసొంటి చోట తాగే నీళ్ళ బావి, హరిజనవాడల వేరే బావి, చెరువు తూము రిపేరు, ఊరికి మట్టి రోడ్డు, ఇవన్నీ సమితి పద్దుల కిందనే. అన్నింటికంటే పెద్దది బడి. ప్రాథమిక పాఠశాలలు సమితి చేతుల్ల, హైస్కూళ్ళు జిల్లా పరిషత్ చేతుల్ల పెట్టిండ్రు. ఇప్పుడు మీ ఊరి బడి మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని బోర్డు ఉంటది చూడు, అంతకుముందు ఆ జాగల ఉన్న మాట "పంచాయతీ సమితి". పెద్దోళ్ళను అడిగితే ఇంకా సమితి బడి అనే అంటరు. ఎక్కడో తాండాల ఒక్క పంతులు తోటి మొదలైన బడులు చాలా ఆ రోజుల్లవే. నేను ఇక్కడ మాట్లాడుతున్నా అంటే అసొంటి ఒక బడి వల్లనే.

కానీ బడి దగ్గరనే చెడ్డ పేరు కూడా వచ్చింది. పంతుళ్ళ బదిలీ ప్రెసిడెంట్ చేతుల్ల ఉండె. ప్రెసిడెంట్‌కి నచ్చని సర్పంచ్ ఊర్ల పంతులు ఏం పాపం చేయకున్నా మూలకున్న ఊరికి పోవాలె. ఎలక్షన్ అయిన తెల్లారి ఎవరు ఎవరి దిక్కు ఉండిండ్రో లెక్క తీసి ఆర్డర్లు వస్తుండె. సమితి పంతుళ్ళు ప్రెసిడెంట్ ఇంటికి పోయి దండం పెట్టి రావాలె అని అప్పటోళ్ళు చాలామంది చెప్తరు. ఉపాధ్యాయ సంఘాలు మన రాష్ట్రంల అంత గట్టిగ పెరిగినయి అంటే అందులో ఈ బాధ కూడా ఒక కారణం అని నేననుకుంటా.

ఇంకోటి, బిడిఓ, ప్రెసిడెంట్ ఇద్దరి సంబంధం. జీపు ఒక్కటే. ఆ జీపు ఎవరిది అన్న దగ్గర మొదలైతుండె కొట్లాట. రూల్ ప్రకారం బిడిఓ ఆఫీసు పని నడిపేటాయన, ప్రెసిడెంట్ నిర్ణయం చేసేటాయన. అసలుకు జీపుల ముందు సీట్ల ఎవరు కూర్చుంటున్నరో చూస్తే ఆ సమితిల ఎవరి మాట నడుస్తుందో జనానికి అర్థమైతుండె. ఇద్దరికి పడ్డ దగ్గర పనులు మస్తు అయినయి, పడని దగ్గర ఫైలు కదలలేదు. పైన జిల్లా పరిషత్‌ల ఇంకో వింత, అక్కడి స్థాయీ సంఘాలు, అంటే ఒక్కో పని చూసే కమిటీలు, అన్నింటికి అధ్యక్షుడు కలెక్టరే. అంటే జనం చేతికి ఇచ్చినం అని చెప్పి, తాళం చెవి మళ్ళా కలెక్టర్ జేబుల పెట్టుకున్నరు. రాజస్థాన్‌ల ఇట్ల లేదు, ఇది మన ప్రత్యేకత.

ఈ కొత్త ఉద్యోగులకు, నాయకులకు నేర్పించేటందుకు పెట్టిన జాతీయ సంస్థ కూడా మన దగ్గరికే వచ్చింది. మొదట 1958ల ముస్సోరిల పెట్టిండ్రు, అరవైల నడుమ హైదరాబాద్ రాజేంద్రనగర్‌కి తీసుకొచ్చిండ్రు, ఇప్పుడు గ్రామీణాభివృద్ధి సంస్థ అంటున్నరు కదా, అదే. ఎస్.కె.డే గారు కేంద్రంల ఈ శాఖ మంత్రి, సామాజిక వికాసానికి, పంచాయతీరాజ్‌కి ఆయన పట్టిన పట్టు చాలా ఉంది.

సరే, మరి సమితి ఎట్ల పోయింది? అందరు ఎన్టీఆర్ తీసేసిండు అంటరు. చట్టం లెక్కన అది నిజమే. కానీ నా లెక్కల 1986 నాటికి సమితిల తీసేసేటంత ఏమీ మిగలలేదు. ఎట్లనో చెప్తా, ఇదే నేను ఇయ్యాల చెప్పాలనుకున్న అసలు ముచ్చట.

మొదటిది, పైసలు. ఆ 12 లక్షలు, 5 లక్షలు అయిపోయినాక బ్లాకుకి కేంద్రం నుంచి వచ్చే ధార సన్నబడ్డది. సిబ్బంది ఉన్నరు, జీతాలు పోతున్నయి, చేద్దామంటే ఫండ్ లేదు. రెండోది, ఎలక్షన్లు. 1959, 1964, 1970 వరకు టైంకే అయినయి, ఆ తర్వాత మళ్ళా 1981లనే. మధ్యల పదకొండేండ్లు! ఆ మధ్యలనే 1973 డిసెంబర్ నుంచి 1978 మార్చి దాకా ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారు. ఆయన ఎవరు, ఖమ్మం జిల్లా పరిషత్ ఛైర్మన్‌గా చేసి పైకొచ్చిన మనిషి, పంచాయతీరాజ్‌ని ఎట్ల బాగు చేయాలె అని వేసిన కమిటీకి అధ్యక్షుడు. అసొంటి ఆయన ఉన్న కాలంలనే సమితి ఎలక్షన్ కాలేదు. ఎమర్జెన్సీ కూడా మధ్యల వచ్చిందనుకో, అయినా సరే. దీంట్ల వ్యక్తి తప్పు కంటే ఎమ్మెల్యేల భయం ఎక్కువ ఉంది అనిపిస్తది నాకు. సమితి ప్రెసిడెంట్ అంటే ఎమ్మెల్యే నియోజకవర్గంల సగం, ముప్పావు భాగం ఆయన చేతుల్ల ఉంటది, రేపటి రోజు టికెట్‌కి పోటీ వచ్చేది ఆయనే. అసొంటోన్ని ఏ ఎమ్మెల్యే పెంచుకుంటడు?

మూడోది అందరూ మర్చిపోయేది. డెబ్బైలల్ల ఢిల్లీ నుంచి వచ్చిన పథకాలు ఒక్కటి కూడా సమితి చేతికి ఇయ్యలేదు. చిన్న రైతుల అభివృద్ధి ఏజెన్సీ వేరే. కరువు ప్రాంతాల పథకం, మన మహబూబ్‌నగర్ కూడా దాంట్ల ఉంది, అది వేరే. తర్వాత సమగ్ర గ్రామీణాభివృద్ధి, ఐఆర్‌డీపీ, బర్రెలు, గొర్రెలు లోన్ల మీద ఇచ్చిన స్కీము, దాన్ని నడిపింది డీఆర్‌డీఏ, అంటే జిల్లా గ్రామీణాభివృద్ధి ఏజెన్సీ, దానికి పైన కలెక్టర్. వ్యవసాయం సిబ్బందిని ప్రపంచ బ్యాంకు చెప్పిన శిక్షణ సందర్శన పద్ధతి పేరు మీద మళ్ళా వ్యవసాయ శాఖ లాక్కుంది. లబ్ధిదారుల లిస్టు రాసేది సమితి గుమాస్తా, మంజూరు చేసేది ఇంకెవరో, పైసలిచ్చేది బ్యాంకు. ఇట్ల ఒక్కొక్కటి తీసుకుంటపోయినాక మిగిలింది బడి పంతుళ్ళ జీతాల బిల్లు, గ్రాంటుల నుంచి వేసే మట్టి రోడ్డు.

అప్పుడు 1983ల తెలుగుదేశం వచ్చింది. 1984 జనవరిల ఆర్డినెన్స్ తెచ్చి కరణం, మునసబులను, మన దిక్కు పటేల్ పట్వారీలను తీసేసిండ్రు. 1985ల తాలూకాలను, వాటి కింద ఉన్న ఫిర్కాలను తీసేసి మండలాలు పెట్టిండ్రు. 1986ల మండల ప్రజా పరిషత్‌ల చట్టం, దాంతోటి రాష్ట్రంల ఉన్న మూడు వందల ముప్పై సమితులు పోయి వెయ్యికి పైన మండలాలు వచ్చినయి. మన షాద్‌నగర్ చుట్టుపక్కల ఫరూఖ్‌నగర్, కొత్తూరు, కేశంపేట, కొందుర్గు మండలాలైనయి. ఇక్కడ పిల్లలు కన్ఫ్యూజ్ అయ్యేది ఒకటుంది. తాలూకా వేరు, సమితి వేరు. తాలూకా అంటే భూమి శిస్తు లెక్క, తహసీల్దార్ ఆఫీసు. సమితి అంటే అభివృద్ధి లెక్క, బిడిఓ ఆఫీసు. రెండింటి హద్దులు అన్ని చోట్ల ఒక్కటి కావు. మండలం వచ్చినాకనే రెండు ఆఫీసులకు ఒకటే హద్దు అయ్యింది. ఇది మంచి పనే, మాములు మంచి కాదు, ఒక ముసలాయన పహాణీ, అంటే భూమి రికార్డు, కోసం, పింఛన్ కోసం రెండు బస్సులు మారే పని తప్పింది.

1987ల జరిగిన ఎలక్షన్‌ల మండల అధ్యక్షుడికి జనం నేరుగా ఓటేసిండ్రు, జిల్లా పరిషత్ ఛైర్మన్‌కి కూడా నేరుగనే. బీసీలకు 20 శాతం, మహిళలకు 9 శాతం రిజర్వేషన్ ఇచ్చిండ్రు, రాజ్యాంగ సవరణ 1993ల వచ్చింది కదా, దానికి ఆరేండ్ల ముందు. నేను ఏ పార్టీ మనిషిని కాదు గానీ ఇది ఒప్పుకోవాలె. గడీ పక్క నుంచి పోవాలంటే చెప్పులు చేతుల పట్టుకున్న కులాలోళ్ళు ఛాంబర్‌ల కుర్చీ వేసుకొని కూర్చున్నది అప్పుడే. సమితి 27 ఏండ్లల్ల చేయలేనిది అది.

కాకపోతే సమితి చేతుల్ల నుంచి పోయిన అధికారాలు ఏవీ మండలానికి తిరిగి రాలేదు. పైంగ జిల్లా మీద ప్రణాళిక సమీక్షా మండలి అని పెట్టి దాని మీద మంత్రిని కూర్చోబెట్టిండ్రు. బిడిఓ ఎంపీడీఓ అయిండు, పేరు మారింది. 1994 కొత్త చట్టం తోటి మళ్ళా అధ్యక్షుడి ఎన్నిక చుట్టు తిరిగింది, ఎంపీటీసీలు గెలవాలె, వాళ్ళు ఎంపీపీని ఎన్నుకోవాలె, మళ్ళా క్యాంపులు. సర్పంచ్‌కి మండల పరిషత్‌ల ఓటు లేకుండ అయ్యింది. సమితి కాలంల ఊరి సర్పంచ్ లేస్తే బ్లాకు మీటింగ్‌ల అడిగే హక్కుతోటి అడుగుతుండె, ఓటున్న మెంబర్ కాబట్టి. ఇప్పుడు సర్పంచ్ ఒక దిక్కు, ఎంపీటీసీ ఒక దిక్కు, ఒకే ఊర్ల ఇద్దరు లీడర్లు, ఎంపీటీసీకి చేయనీకి పనేముందో ఆయనకే సరిగ తెల్వదు. ఇది చెడగొట్టిన పని అని నేను ఖచ్చితంగ అంటా.

2016 దసరాకి తెలంగాణల జిల్లాలు కొత్తగ చేసినప్పుడు 459 మండలాలు 584 అయినయి, షాద్‌నగర్ మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డి జిల్లాలకు పోయింది, కొత్తూరు నుంచి నందిగామ వేరే మండలమైంది. ఆ రోజు కూడా అక్టోబర్ 11. నెహ్రూ వచ్చిన తేదీకి సరిగ్గ 57 ఏండ్లు. కావాలని పెట్టింది కాదు, దసరా అట్ల కలిసొచ్చింది.

ఇంక ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.

[సభలో నుంచి: సార్, పాత సమితి ఆఫీసులు, రికార్డులు ఇప్పుడు ఎక్కడుంటయి?]

మంచి ప్రశ్న. సమితి హెడ్‌క్వార్టర్ ఉన్న ఊర్లల్ల చాలా చోట్ల అదే బిల్డింగ్‌ల ఎంపీడీఓ ఆఫీసు నడిచింది, కొన్ని కూలగొట్టి కొత్తవి కట్టిండ్రు. కొత్తగ మండలమైన ఊర్లకు పాత రికార్డు ఏదీ పోలేదు, అన్నీ పాత హెడ్‌క్వార్టర్‌లనే ఉండిపోయినయి. మీకు కావాల్సింది సమితి మీటింగ్ మినిట్స్ బుక్కు, అది దొరికితే బంగారం, ఎందుకంటే ఏ ఊరికి బావి ఇచ్చిండ్రు, ఏ ఊరికి ఇయ్యలేదు, ఎవరు అడ్డం చెప్పిండ్రు అన్నీ దాంట్లనే ఉంటయి. ముందు ఎంపీడీఓ ఆఫీసుల అడగండి, లేవు అంటే జిల్లా పరిషత్ రికార్డు రూంల అడగండి. షాద్‌నగర్ వాళ్ళైతే రంగారెడ్డి కాదు, మహబూబ్‌నగర్ జిల్లా పరిషత్‌కి పోవాలె, పాతవి ఉంటే అక్కడనే ఉండాలె. ప్రభుత్వ ఉత్తర్వులు, గెజిట్ల కోసమైతే తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. దరఖాస్తుల "పంచాయతీ సమితి, షాద్‌నగర్ బ్లాక్, మహబూబ్‌నగర్ జిల్లా" అని పాత పేర్ల తోటే రాయండి, మండలం పేరు రాస్తే వాళ్ళకు దొరకదు.